కాళ్లు తేరుకున్నాయా? ఎగిరి చూడండి

ఈ నెల వచ్చిన ప్రశ్నల్లో చాలావరకు ఒకే విషయం మీద ఉన్నాయి: నిన్న చేసిన గట్టి సాధన తాలూకు అలసట కాళ్లలో ఇంకా ఉందో లేదో తెలుసుకోవడం ఎట్లా? మిగతా ప్రశ్నలు వచ్చే నెలకు ఉంచి, ఈసారి జంప్ టెస్ట్ గురించి అడిగినవాటికే జవాబులిస్తున్నాం.

ప్ర: కానిస్టేబుల్ ఈవెంట్స్‌కు తయారవుతున్న. పొద్దున జేఎన్‌ఎస్ (జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియం) గ్రౌండ్‌లో 1600 మీటర్ల పరుగు, లాంగ్ జంప్, షాట్‌పుట్ ప్రాక్టీసు చేస్త. కాళ్లు నొస్తున్నయంటే సీనియర్లు "ఇంకింత ఉరుకు, అదే పోతది" అంటరు. జంప్ చేసి చూసుకుంటే కాళ్లు అలసినయో లేదో తెలుస్తదని ఒకాయన చెప్పిండు. నిజమేనా? ఎట్ల చేయాలె? – ఒక అభ్యర్థి, హనుమకొండ

జ: నిజమే. కాకపోతే మీరు ఎంత ఎత్తు ఎగిరారన్నది ఇక్కడ ముఖ్యం కాదు. మామూలు రోజుల్లో మీరు ఎగిరే ఎత్తుకంటే ఇవ్వాళ ఎంత తగ్గిందన్నదే చూడాలి. పక్కవాడు 45 సెం.మీ. ఎగిరితే అది అతని లెక్క, మీకు పనికిరాదు.

ముందు నొప్పి సంగతి. నొప్పి రావడం, బలం తగ్గడం ఒకే వేళకు జరగవు. గట్టి స్ప్రింట్లు తీసినా, పద్మాక్షి గుట్ట లాంటి చోట పదేపదే దిగుడు పరుగు పెట్టినా బలం అప్పటికప్పుడే పడిపోతుంది. నొప్పి మాత్రం ఆలస్యంగా మొదలై 24 నుంచి 72 గంటల మధ్య ఎక్కువగా ఉంటుంది. కాబట్టి నొప్పి తగ్గింది గనక బలం వచ్చేసిందనుకోవడం ఎంత తప్పో, కొంచెం సలుపుతోంది గనక ఇవ్వాళ కాళ్లు పనికిరావనుకోవడమూ అంతే తప్పు. లాక్టిక్ యాసిడ్ పేరుకుపోయి మర్నాడు నొప్పి వస్తుందనే మాట గ్రౌండ్‌లో ఇంకా వినిపిస్తూనే ఉంది. నిజానికి ఆ యాసిడ్ సాధన ఆపిన గంట, గంటన్నరలోనే మామూలు స్థాయికి వచ్చేస్తుంది. మర్నాటి నొప్పికి, దానికి సంబంధం లేదు.

జంప్‌తోనే ఎందుకు చూడాలంటే, కండరం బిగుసుకోవాలంటే నాడి నుంచి సంకేతం అందగానే కండరం లోపల కాల్షియం విడుదల కావాలి. కఠినమైన సాధన తర్వాత ఆ విడుదల మందగిస్తుంది. కొన్ని పోగులు దెబ్బతింటాయి కూడా. నడకలో, మెల్లటి జాగింగ్‌లో ఈ లోపం బయటపడదు, ఎందుకంటే వాటికి పూర్తి బలం అక్కర్లేదు. మోకాళ్లు వంచి వెంటనే పైకి లేచే జంప్‌లో నేలను తన్నడానికి దొరికే సమయం సెకనులో మూడో వంతు కూడా ఉండదు. అంత తక్కువ సమయంలో అందాల్సినంత బలం అందకపోతే మామూలుగా ఎత్తు తగ్గుతుంది.

చేసే పద్ధతి ఇది. అయిదు నిమిషాలు మెల్లగా పరుగెత్తండి. పది గుంజీలు తీయండి. సగం బలంతో ఒకటి, ముప్పావు బలంతో రెండు జంప్‌లు చేయండి. ఒక నిమిషం ఆగండి. ఇక అసలు టెస్ట్: రెండు చేతులూ నడుము మీద పెట్టి నిటారుగా నిలబడండి. ఒక క్షణం కదలకుండా ఉండి, చటుక్కున కిందికి వంగి, ఎక్కడా ఆగకుండా శక్తికొద్దీ పైకి ఎగరండి. చేతులు నడుము వదిలితే ఆ జంప్ లెక్కకు రాదు. చేతులు ఊపితే ఎత్తు పెరుగుతుంది, కాళ్లలో తగ్గినదాన్ని ఆ ఊపు కప్పేస్తుంది. దిగేటప్పుడు మునివేళ్లు ముందు ఆనాలి, అప్పటిదాకా మోకాళ్లు చాచి ఉండాలి, ఆనాకే వంచాలి. ఇట్లా మూడు జంప్‌లు, ఒక్కోదానికి మధ్య 45 సెకన్ల నుంచి నిమిషం విరామం. మూడింటి సగటు రాసుకోండి. అన్నిటికంటే ఎత్తయినది రాసుకోవాలని మనసు లాగుతుంది గానీ, ఎంత అలసిన రోజైనా ఒక్క మంచి జంప్ దొరుకుతుంది. సగటు అట్లా మోసం చేయదు.

టెస్ట్ ఎప్పుడూ సాధనకు ముందే. గట్టి సెషన్ అయ్యాక 24 గంటలకు ఒకసారి, కావాలంటే 48 గంటలకు మరోసారి చూడండి. సెషన్ అయిన వెంటనే ఎగిరితే వచ్చే అంకెతో పెద్ద పని లేదు. పని ఎక్కువైతే అప్పుడు తగ్గడం సహజమే. తక్కువ పని, మంచి వార్మప్ అయితే కాసేపు ఎత్తు పెరిగి కనిపిస్తుంది కూడా.

వేళ, బూట్లు, నేల మార్చకండి. సాయంత్రం ఒంటి వేడి ఎక్కువగా ఉంటుంది కాబట్టి పొద్దుటికంటే ఎక్కువ ఎగురుతారు. జనవరి చలిలో పొద్దున ఆరింటికి చేసేవాళ్లు వార్మప్‌ను పది నిమిషాలకు పెంచాలి. జేఎన్‌ఎస్ సింథటిక్ ట్రాక్ మీద ఒకరోజు, ఆర్ట్స్ కాలేజీ మట్టి గ్రౌండ్‌లో ఇంకోరోజు చేసిన అంకెలను పోల్చి చూడకండి. వాన పడ్డాక మెత్తబడిన మట్టి మీద అసలే వద్దు.

ప్ర: సెల్‌ఫోన్ వీడియోతో ఎత్తు లెక్కిస్తున్న. ఒకరోజు 41 వస్తది, తెల్లారి 34 వస్తది. ఒక్క రోజులో ఇంత తేడా ఉంటదా? – ఒక డిగ్రీ విద్యార్థి, నర్సంపేట

జ: అంత తేడా కాళ్లలో ఉండటం అరుదు. లోపం ఫోన్ సెట్టింగ్‌లోనో, దిగే తీరులోనో ఉండి ఉంటుంది.

ఫోన్ పద్ధతిలో మనం నిజానికి కొలిచేది ఎత్తును కాదు, గాలిలో ఉన్న సమయాన్ని. ఆ సమయాన్ని సెకన్లలో తీసుకొని, దాన్ని దానితోనే గుణించి, మళ్లీ 122.6తో గుణిస్తే సెంటీమీటర్లు వస్తాయి. గాలిలో 0.50 సెకను ఉంటే 30.7 సెం.మీ., 0.55 ఉంటే 37.1, 0.60 ఉంటే 44.1. సెకనులో ఇరవయ్యో వంతుకే ఆరేడు సెంటీమీటర్లు మారిపోతున్నాయి కదా, అందుకే వీడియో వేగం కీలకం. మామూలు వీడియోలో సెకనుకు 30 ఫ్రేములే (విడివిడి ఫొటోలు) ఉంటాయి. ఒక్క ఫ్రేము అటూఇటూ అయితే 37 సెం.మీ. జంప్‌లో నాలుగున్నర సెంటీమీటర్ల తేడా వస్తుంది. 60 ఫ్రేములైతే రెండుంబావు, 120 అయితే ఒకటికి కొంచెం ఎక్కువ, 240 అయితే అర సెంటీమీటరు చిల్లర. 240 ఉంటే అదే పెట్టండి, 120కి తక్కువైతే ఈ పని పెట్టుకోకండి.

కొన్ని ఫోన్లు 240 అని రాసి ఉన్నా లోపల తక్కువ ఫ్రేములు తీసి, మధ్యవి తామే కల్పించి కలుపుతాయి. ఆ కల్పించిన ఫ్రేముల్లో బూటు అంచు మసకగా, రెండుగా కనిపిస్తుంది. ఇంకో ఫోన్‌లో స్టాప్‌వాచ్ నడిపించి స్లో మోషన్‌లో తీయండి. 1.00 నుంచి 2.00 వరకు ఎన్ని ఫ్రేములున్నాయో లెక్కపెట్టండి. అవి 240కి దగ్గర్లో లేకపోతే, కింద చెప్పే లెక్కలో 240 బదులు మీకు వచ్చిన సంఖ్యతోనే భాగించాలి.

తీసేటప్పుడు ఫోన్ చేత్తో పట్టుకోవద్దు. పాదాలకు మీటరు, మీటరున్నర దూరంలో నేలమీద ఇటుకకు ఆనించి, మునివేళ్లు, నేల రెండూ స్పష్టంగా కనిపించేట్టు పెట్టండి. కంప్యూటర్‌లో వీఎల్‌సీ ప్లేయర్ తెరిచి ఇంగ్లిష్ 'ఈ' మీట నొక్కుతుంటే వీడియో ఒక్కో ఫ్రేమే ముందుకు జరుగుతుంది. మునివేళ్లు నేల వదిలిన మొదటి ఫ్రేము నుంచి, తిరిగి నేలను తాకిన మొదటి ఫ్రేము వరకు లెక్కించండి. 132 ఫ్రేములు వచ్చాయనుకోండి. 132ను 240తో భాగిస్తే 0.55 సెకను, అంటే 37.1 సెం.మీ. ఈ లెక్కంతా చేసిపెట్టే 'మై జంప్' లాంటి యాప్‌లు ఉన్నాయి. అవి కూడా ఫ్రేము ఎంచుకునే పని మీకే వదులుతాయి.

ఇంత చేసినా తేడా పోకపోతే మీరు దిగే తీరు చూసుకోండి. గాలిలో మోకాళ్లు ముడిచినా, వంచి దిగినా పాదాలు నేలను ఆలస్యంగా తాకుతాయి, ఎగరని ఎత్తు కూడా ఎగిరినట్టు చూపిస్తుంది. మీ 41 అట్లా వచ్చిందేనని మా అనుమానం.

ప్ర: హైస్కూల్ పీఈటీని. కబడ్డీ జట్టులో 14 మంది పిల్లలు. స్లో మోషన్ వీడియోలు తీసుకుంటూ కూర్చుంటే ఆట ఎప్పుడు ఆడించాలి? పైగా ఎంత తగ్గితే తగ్గినట్టు లెక్క? – మహబూబాబాద్ జిల్లా

జ: మీకు గోడ, చాక్‌పీస్ చాలు సార్. అమెరికా వ్యాయామ విద్యావేత్త డడ్లీ సార్జెంట్ 1921లో ప్రచురించిన పద్ధతికి ఇది దగ్గరిదే. వేళ్లకు సుద్ద రాసుకొని, గోడకు పక్కగా నిలబడి, చేయి పూర్తిగా చాచి గీత పెట్టాలి. తర్వాత ఎగిరి, అందినంత ఎత్తున ఇంకో గీత పెట్టాలి. రెండింటి మధ్య దూరమే ఎత్తు. ఇందులో రెండు చోట్ల తప్పు వస్తుంది. నిలబడి అందుకునేటప్పుడు భుజాన్ని కొందరు పూర్తిగా సాగదీయరు, ఆ రోజు వాళ్లు ఊరికే ఎక్కువ ఎగిరినట్టు తేలుతుంది. కాబట్టి నిలబడి అందుకునే ఎత్తును ఒక్కసారే జాగ్రత్తగా కొలిచి రిజిస్టర్‌లో రాసిపెట్టండి, నెలకోసారి మాత్రం సరిచూడండి. రెండోది, ఎగిరినప్పుడు పై అంచుకు చేరకముందే గోడను తాకడం. రెండు, మూడు రోజులు అలవాటు చేస్తే ఇది తగ్గుతుంది. ఖాళీగా ఉండే చేయి నడుము మీదే ఉండాలి.

నిలబడి ముందుకు దూకే స్టాండింగ్ బ్రాడ్ జంప్‌కు టేపు ఒక్కటే చాలు గనక చాలామంది అటు మొగ్గుతారు. చేతుల ఊపు, దిగేటప్పుడు పాదాలు ముందుకు చాచే నేర్పు అందులో ఎక్కువ పాత్ర వహిస్తాయి. పిల్లల ఎంపికకు అది సరే, అలసట పట్టుకోవడానికి మాత్రం గోడ జంపే నయం.

ఇక ఎంత తగ్గితే అన్న ప్రశ్న. మొదటి రెండు వారాల్లో, ముందురోజు తేలిక సాధనే ఉన్న రోజులు చూసి ఆరుసార్లు టెస్ట్ పెట్టండి. ఒక పిల్లవాడి ఆరు రోజుల సగటులు 36.5, 38.0, 35.2, 37.4, 36.0, 37.9 అనుకుందాం. మొత్తం సగటు 36.8. ఇవి ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే స్టాండర్డ్ డీవియేషన్ 1.1. ఎక్సెల్‌లో అంకెలు వేసి ఎస్‌టీడీఈవీ ఫార్ములా కొడితే క్షణంలో వస్తుంది. 36.8 నుంచి ఒకసారి 1.1 తీస్తే 35.7, రెండుసార్లు తీస్తే 34.6. 35.7 దిగితే కన్నేసి ఉంచండి. 34.6 కూడా దిగితే నిజంగానే తగ్గిందని నమ్మవచ్చు. ఏ అలసటా లేకుండానే దాదాపు ఆరు రోజులకోసారి అంకె 35.7 కిందికి దిగుతుంది. పై లెక్కలోనే చూడండి, తేలిక రోజున కూడా 35.2 వచ్చింది. అందుకని ఆ ఒక్క అంకె చూసి పిల్లవాణ్ని కూర్చోబెట్టకండి. నిద్ర ఎట్లా పట్టింది, మెట్లు దిగుతుంటే తొడలు పట్టేస్తున్నాయా అని అడగండి, మర్నాడు మళ్లీ చూడండి.

ఎక్సెల్ జోలికి పోని రోజున మోటు లెక్క ఒకటుంది: మామూలు సగటు కంటే 5 శాతం లోపు తగ్గితే పట్టించుకోవద్దు. 5 నుంచి 10 శాతమైతే ఆ రోజు జంప్‌లు, స్ప్రింట్లు, రెయిడ్ డ్రిల్స్ సగానికి తగ్గించి, మెళకువల సాధన ఉంచండి. 10 శాతం దాటితే తేలికపాటి సైక్లింగో, పూర్తి విశ్రాంతో ఇచ్చి 24 గంటల తర్వాత మళ్లీ కొలవండి. ఇది శాసనమేమీ కాదు. టోర్నీకి నెల ముందు కావాలనే సాధన భారం పెంచిన వారంలో 6 శాతం తగ్గితే అది మీరు కోరుకున్నదే, కంగారు వద్దు. టోర్నీ వారంలో అదే 6 శాతం తగ్గితే మాత్రం ఆలోచించాలి.

పద్నాలుగు మందినీ ఇద్దరేసి చొప్పున రెండు గోడల దగ్గర నిలబెడితే, ఒకరు ఎగిరేలోపు ఇంకొకరికి విరామం దొరుకుతుంది. పావుగంటలో అయిపోతుంది. ఇంకొక మాట: అంకె తగ్గితే జట్టులోంచి తీసేస్తారని పిల్లలకు తెలిస్తే టెస్ట్ పాడవుతుంది. కొందరు చేయి ఊపి పెంచుకుంటారు, ఆడటం ఇష్టంలేని వాళ్లు సగం బలంతో ఎగురుతారు. అంకెను పైకి చదివి ఉత్సాహపరిస్తే ప్రతిసారీ చదవండి, లేదంటే ఎప్పుడూ చదవకండి.

ప్ర: ఆదివారం ఫుట్‌బాల్ మ్యాచ్ ఆడిన. సోమవారం కాళ్లు బండరాళ్ల లెక్కున్నయి. జంప్ చూస్తే మాత్రం అర సెంటీమీటరే తగ్గింది. టెస్ట్ తప్పా, నా కాళ్లు తప్పా? – ఒక ఆటగాడు, కరీంనగర్

జ: రెండూ కాదు. మీ శరీరం తెలివిగా దారి మార్చుకుంది. అలసిన కాళ్లు కూడా ఎత్తును నిలబెట్టుకోగలవు, అందుకు ఇంకొంచెం లోతుగా వంగి, ఇంకొంచెం ఎక్కువసేపు నేలను తంతాయి. ఎత్తు ఒక్కటే చూస్తే ఇది దొరకదు. ఎగరడానికి ఎంతసేపు తీసుకున్నారో కూడా చూడాలి.

ఫోన్‌ను మరో మీటరు వెనక్కి జరిపి, పక్కనుంచి నడుము కూడా కనిపించేట్టు పెట్టండి. నడుము కిందికి కదలడం మొదలైన ఫ్రేము నుంచి మునివేళ్లు నేల వదిలే ఫ్రేము వరకు ఒక లెక్క, అక్కడినుంచి దిగేవరకు ఇంకో లెక్క. రెండోదాన్ని మొదటిదానితో భాగించండి. ఉదాహరణకు మామూలు రోజున గాలిలో 131 ఫ్రేములు, నేలమీద 180. నిష్పత్తి 0.73. మ్యాచ్ మర్నాడు గాలిలో 130, నేలమీద 212 వచ్చాయనుకోండి. ఎత్తు 36.5 నుంచి 36కు మాత్రమే తగ్గింది. నిష్పత్తి మాత్రం 0.61కి పడిపోయింది, అంటే 16 శాతం దాకా తగ్గుదల. బండరాళ్లు అక్కడ దాక్కున్నాయి.

కదలిక ఎక్కడ మొదలైందో గుర్తించడంలో మూడు నాలుగు ఫ్రేములు అటూఇటూ అవుతాయి. అందుకే ముందు క్షణంపాటు బొమ్మలా నిలబడాలని మొదటి జవాబులో చెప్పాం. ముందుకూ వెనక్కూ ఊగుతూ మొదలుపెట్టే జంప్‌కు ఈ నిష్పత్తి కట్టలేం.

ఒక మినహాయింపు. మండుటెండలో మ్యాచ్ ఆడి ఒంట్లోంచి రెండు కిలోల నీరు పోయి, అది తిరిగి భర్తీ కాకపోతే, మోయాల్సిన బరువు తగ్గుతుంది గనక ఎత్తు బాగానే ఉన్నట్టు కనిపించవచ్చు. ఏప్రిల్, మే నెలల్లో టెస్ట్‌తో పాటు బరువు కూడా రాసుకోండి.

ప్ర: సింగరేణిలో పనిచేస్త, వాలీబాల్ ఆడుత. షిఫ్టు వారం వారం మారుతది. ఒకే వేళకు టెస్ట్ అంటే ఎట్ల కుదురుతది? – గోదావరిఖని

జ: గడియారం వదిలేసి, నిద్ర లేచిన దగ్గర్నుంచి లెక్క పెట్టుకోండి. ఏ షిఫ్టయినా లేచిన మూడు గంటలకు టెస్ట్ చేయండి. రాత్రి షిఫ్టు వారం అంకెలను వేరే వరుసలో రాసి, వాటికి వేరే సగటు కట్టండి. షిఫ్టు మారిన మొదటి రెండు రోజులు టెస్ట్ మానేయడమే మేలు. అప్పుడు తగ్గేది ఆట వల్లనో నిద్ర వల్లనో విడదీయలేం.

ప్ర: మా తమ్ముడు పోలీస్ సెలక్షన్ కోసమని మొదటిరోజే పోటీపడి 500 గుంజీలు తీసిండు. రెండోరోజుకు తొడలు వాచినయి, మూత్రం నల్ల చాయ్ లెక్క వస్తున్నది. జంప్ టెస్ట్ చేసి ఎప్పుడు ప్రాక్టీసు మొదలుపెట్టాలో చెప్పండి. – ములుగు

జ: జంప్ టెస్ట్ వద్దు, ప్రాక్టీసు వద్దు. ఈ జవాబు చదివేసరికే ఆస్పత్రికి వెళ్లి ఉంటే మంచిది, లేకుంటే వెంటనే తీసుకెళ్లండి. కండరం పెద్దఎత్తున చితికి, అందులోని పదార్థాలు రక్తంలోకి చేరి కిడ్నీలను దెబ్బతీసే పరిస్థితి ఇది కావచ్చు. రక్తంలో సీకే (కండరం చితికితే పెరిగే ఎంజైమ్), క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పేది), పొటాషియం పరీక్షలు చేస్తారు, అవసరమైతే సెలైన్ పెడతారు. నొప్పి తగ్గుతుందని మందుల షాపులో డైక్లోఫెనాక్ లాంటి బిళ్లలు కొని వేసుకోవద్దు, కిడ్నీలకు మరింత ముప్పు. తిరిగి మొదలుపెట్టడం డాక్టరు చెప్పాకే.

మిగతావాళ్లకు: అలవాటు లేని వ్యాయామం మొదటిసారే అతిగా నష్టం చేస్తుంది. అదే పనిని చిన్న మోతాదులో ఒకసారి చేసి, వారం తర్వాత మళ్లీ చేస్తే కండరం చాలా మేరకు తట్టుకుంటుంది. మొదటిరోజు 20 గుంజీల చొప్పున మూడు విడతలు చాలు.

ప్ర: ఎనిమిది, తొమ్మిది తరగతుల ఆడపిల్లలకు ఇది చేయించొచ్చా? – ఒక టీచర్, నిర్మల్

జ: చేయించొచ్చు మేడమ్. పొడవు పెరిగే వయసులో వాళ్ల అంకెలు పెద్దవాళ్లకంటే ఎక్కువగా ఊగుతాయి, కాబట్టి పాత సగటును పట్టుకొని కూర్చోకుండా చివరి నాలుగు వారాల సగటునే వాడండి. నెలసరి రోజుల్లో తగ్గుతుందని ముందే తీర్మానించకండి, ఒక్కొక్కరికి ఒక్కోలా ఉంటుంది. మోకాలి చిప్ప కింద ఎముక నొక్కితే నొప్పి అనే పిల్లలను జంప్‌ల నుంచి మినహాయించండి.

ప్ర: ఈవెంట్స్‌కు ఇంక రెండు వారాలే ఉంది. జంప్ అంకె బాగుంది గానీ పరుగులో పిక్కలు పట్టేస్తున్నయి. – హనుమకొండ

జ: నడుము మీద చేతులు పెట్టి చేసే జంప్‌లో ఎక్కువ పని తొడలది, పిరుదులది. రోడ్డు మీద పరుగు మాత్రం పిక్కలను, మడమ వెనక స్నాయువును (పిక్క కండరాన్ని మడమకు కట్టే తాడు లాంటి భాగం) ఎక్కువ తింటుంది. మీకు కావలసింది వేరే టెస్ట్: మోకాళ్లు దాదాపు చాచి ఉంచి, పాదాలతోనే స్ప్రింగులా పదిసార్లు వరసగా గెంతడం. ప్రతి గెంతుకూ నేలమీద ఉన్న ఫ్రేములు, గాలిలో ఉన్న ఫ్రేములు లెక్కించి, గాలి లెక్కను నేల లెక్కతో భాగించండి. పదింటిలో మేలైన అయిదింటి సగటు రాసుకోండి. నేలమీద గడిపే సమయం 0.25 సెకను, అంటే 240 ఫ్రేముల వీడియోలో 60 ఫ్రేములు దాటుతుంటే మీరు గెంతడం లేదు, గుంజీలు తీస్తున్నారు.

ఆ నిష్పత్తి తగ్గి ఉంటే ఈ వారం పరుగు మొత్తాన్ని మూడో వంతు తగ్గించి, తారు రోడ్డు మాని ట్రాక్ మీదో మట్టి మీదో పరుగెత్తండి. వేగం మాత్రం ఉంచండి: 1600 మీటర్ల బదులు అదే వేగంతో 400 మీటర్లు మూడుసార్లు. చివరి వారం పరుగు సగానికి రావాలి, ఆఖరి టెస్ట్ ఈవెంట్‌కు మూడు రోజుల ముందు. నొప్పి పిక్క మధ్యలో కాకుండా ముంగాలి ఎముక మీద ఒకే చోట, వేలితో చూపించగలిగేట్టు ఉంటే అది అలసట కాకపోవచ్చు, ఎముకలో సన్నని చీలిక కావచ్చు. అప్పుడు గెంతకుండా ముందు ఎముకల డాక్టరుకు చూపించండి.